ఫామగుస్తా అంటే ఒక్క దెయ్యాల ఊరేనా?

బాటసారి_విజయ్
నేనూ మా ఆవిడా సైప్రస్ వెళ్తున్నాం, లార్నకాలో దిగుతాం. ఫామగుస్తాకు ఒక పూర్తి రోజు పెట్టుకుందామంటే ట్రావెల్ ఏజెంటు "అక్కడ పాడుబడ్డ హోటళ్ళు తప్ప ఏమీ లేవు సార్, రెండు గంటలు చాలు" అంటున్నాడు. యూట్యూబ్‌లో నాకు దొరికిన వీడియోలన్నీ కూడా అంతే. 1974 నుంచి ఖాళీగా పడున్న వరోషా అనే పేట మీద డ్రోన్ షాట్లు, భయం పుట్టించే మ్యూజిక్, "దెయ్యాల నగరం" అని పెద్ద అక్షరాలు. అక్కడ పెద్ద కోట ఉందని, ఏడొందల ఏళ్ళ నాటి చర్చి ఉందని ఎక్కడో చదివాను. వాటి గురించి ఎవరూ మాట్లాడరేం? ఇంకోటి, జనం కట్టుబట్టలతో పారిపోయిన చోటికి వెళ్ళి ఫోటోలు దిగడం మా ఆవిడకు అస్సలు ఇష్టం లేదు. వెళ్ళినవాళ్ళు చెప్పండి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి.

చింతచిగురు
ఏజెంటును మార్చండి ముందు.

పాతపటం
రెండు గంటల్లో కోటగోడ చుట్టూ నడవడం కూడా అవదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

1291లో క్రూసేడర్ల చేతిలో మిగిలిన అక్కా (ఏకర్) రేవు ఈజిప్టునేలే మామ్లూకుల చేతిలో పడిపోయింది. సిరియా తీరంలో క్రైస్తవ వర్తకులకు నిలవ నీడ లేకుండా పోయింది. వాళ్ళంతా ఓడలెక్కి దగ్గర్లో ఉన్న సైప్రస్‌కు, అందులోనూ ఫామగుస్తా రేవుకు వచ్చి పడ్డారు. పైగా ముస్లిం రేవులతో నేరుగా వ్యాపారం చేయకూడదని పోప్ నిషేధం పెట్టాడు. దాంతో తూర్పు సరుకు, అంటే మిరియాలు, సుగంధ ద్రవ్యాలు, పట్టు, ఈ ఊరి మీదుగా యూరప్ చేరడం మొదలైంది. మామూలు రేవు యాభై ఏళ్ళు తిరక్కముందే మధ్యధరాలో అత్యంత ధనిక పట్టణాల్లో ఒకటైంది. 1340ల ప్రాంతంలో తూర్పు దేశాల గురించి రాసిన ఒక జర్మన్ ప్రీస్టు, ఇక్కడి వర్తకుడి కూతురు పెళ్ళిలో తలకు పెట్టుకున్న నగలు ఫ్రాన్స్ రాణి నగలన్నిటికన్నా విలువైనవని రాశాడు.

అప్పుడు ఏలింది లుసిన్యాన్ వంశం, ఫ్రెంచి మూలాలవాళ్ళు. సైప్రస్ రాజుగా నికోసియాలో ఒకసారి, జెరూసలేం రాజుగా ఫామగుస్తాలో ఇంకోసారి కిరీటం పెట్టించుకునేవాళ్ళు. జెరూసలేం చేజారి ఎన్నో ఏళ్ళైనా ఆ బిరుదు మాత్రం వదల్లేదు. ఆ రెండో పట్టాభిషేకం జరిగిన చర్చే సెయింట్ నికోలస్ కెథీడ్రల్. 1300కు అటూఇటూగా మొదలుపెట్టి, 1328లో ప్రతిష్ఠ చేశారు. ఇప్పుడది లాలా ముస్తఫా పాషా మసీదు. మీరు చదివిన చర్చి అదే.

చింతచిగురు
మరి అంత డబ్బున్న ఊరు ఎందుకు చితికిపోయింది?

పాతపటం
@చింతచిగురు గుర్రం కళ్ళెం దగ్గర మొదలైంది. నిజంగానే. 1372లో రెండో పీటర్ అనే కుర్రాడికి ఆ కెథీడ్రల్‌లో కిరీటం పెట్టారు. బయటికొచ్చి గుర్రమెక్కాక కుడివైపు కళ్ళెం జెనోవావాళ్ళు, ఎడమవైపు వెనిస్‌వాళ్ళు పట్టుకోవడం ఆనవాయితీ. రెండూ ఇటలీ వర్తక నగరాలే, ఒకదానికొకటి పోటీ. ఆ రోజు వెనిస్‌వాళ్ళు కుడి కళ్ళెం పట్టుకున్నారు. అక్కడ తోపులాట, తర్వాత విందులో కత్తులు, ఊళ్ళో జెనోవావాళ్ళ దుకాణాల లూటీ. కొందరిని కిటికీల్లోంచి కిందికి తోసేశారు. మరుసటి ఏడాది జెనోవా నౌకాదళం వచ్చి ఊరినే పట్టుకుంది. 1464 దాకా, అంటే తొంభై ఏళ్ళు వదల్లేదు. వర్తకులు మెల్లగా వేరే రేవులకు జారుకున్నారు.

చింతచిగురు
విడిదింటికి కాఫీ ఆలస్యమైందని మా వైపు పెళ్ళిళ్ళు ఆగిపోయేదాకా వచ్చిన గొడవలు గుర్తొచ్చాయి.

కోటగోడ
పాతపటం గారు గోడల దాకా రాలేదు కాబట్టి నేనందుకుంటా. 1489లో రాణి కాతెరీనా కొర్నారో చేత ద్వీపాన్ని వెనిస్ రాయించుకుంది. తురుష్కులు ఏదో ఒకరోజు వస్తారని వాళ్ళకు తెలుసు. పాత గోడల్ని ఫిరంగులకు తట్టుకునేలా మందంగా పెంచారు. ఎత్తు పదిహేను మీటర్లు, కొన్నిచోట్ల మందం ఎనిమిది మీటర్ల దాకా. వాయవ్య మూలన మార్తినెంగో బురుజు బాణం ములికి ఆకారంలో ఉంటుంది. ఎటునుంచి వచ్చినా శత్రువు పక్కనుంచి కాల్పులకు దొరుకుతాడు. కోటలంటే ఇష్టమున్నవాళ్ళు ఆ ఒక్క బురుజు కోసమైనా వెళ్ళాలి.

సముద్రం వైపున్నది ఒథెల్లో కోట. గుమ్మం పైన వెనిస్ రెక్కల సింహం, దాని కింద 1492 అని చెక్కి ఉంటుంది. షేక్‌స్పియర్ నాటకంలో "సైప్రస్‌లో ఒక రేవు" అని తప్ప ఊరి పేరుండదు, అయినా జనం ఈ కోటకు ఆ పేరు ఖాయం చేశారు. చాలాకాలం శిథిలావస్థలో ఉంటే గ్రీకు, టర్కిష్ సైప్రియట్లు కలిసి పనిచేసే వారసత్వ కమిటీ బాగుచేయించి 2015లో తెరిచింది. రెండు వైపులవాళ్ళు కలిసి చేసిన పని కాబట్టి నాకు దాని మీద ప్రత్యేకమైన అభిమానం.

పాతపటం
@కోటగోడ ముట్టడి సంగతి చెప్పకుండా వదిలేశారేంటి?

కోటగోడ
భోజనానికి లేచానండి. 1570 సెప్టెంబరులో నికోసియా పడిపోయాక తురుష్క సేనాని లాలా ముస్తఫా పాషా సైన్యం ఇక్కడికొచ్చింది. మన దగ్గర గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్న రోజులవి. లోపల వెనిస్ సేనాని మార్కాంతోనియో బ్రగదీన్. దాదాపు పదకొండు నెలలు నిలబడ్డారు. గోడ కింద సొరంగాలు తవ్వి మందు పెట్టి పేల్చడం, లోపలివాళ్ళు రాత్రికి రాత్రి ఆ కంత పూడ్చడం, ఇదే పని. చివరికి గుర్రాలు, గాడిదలు, పిల్లుల్ని కూడా తిన్నారు. మందుగుండు అయిపోయింది. 1571 ఆగస్టు 1న లొంగిపోయారు. బతికున్నవాళ్ళను క్షేమంగా క్రీట్‌కు పంపాలన్నది ఒప్పందం.

ఆ ఒప్పందం నిలవలేదు. ఖైదీల విషయంలో పాషా గుడారంలో మాటామాటా పెరిగింది. బ్రగదీన్ చెవులు కోశారు. ఆగస్టు 17న కెథీడ్రల్ ముందున్న చౌకులో బతికుండగానే చర్మం ఒలిచారు. దాన్ని గడ్డితో కుక్కి ఇస్తాంబుల్ పంపించారు. కొన్నేళ్ళకు ఎవరో దొంగిలించి వెనిస్ చేర్చారు, ఇప్పటికీ అక్కడ సాంతి జొవాన్నీ ఎ పావొలో చర్చిలో ఉంది. ఆ చౌకులో ఇప్పుడు కాఫీ కొట్ల కుర్చీలుంటాయి. కూర్చునేముందు ఇదంతా తెలిసి కూర్చోవడం మంచిదని నా ఉద్దేశం.

తూర్పుగాలి
మధ్యయుగాలు బాగానే చెప్తున్నారు గానీ అసలు విషయం దాటేస్తున్నారు. 1974లో టర్కీ సైన్యం వచ్చి ఆక్రమించిన ఊరది. అక్కడి గ్రీకు సైప్రియట్లను తరిమేసి, హోటళ్ళు, ఇళ్ళు చుట్టూ కంచె వేసింది. ఉత్తరాన ఉన్న "ప్రభుత్వాన్ని" టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు, మన దేశం కూడా. అక్కడ ఖర్చుపెట్టే ప్రతి పైసా ఆక్రమణకు మద్దతే. నేనైతే అటువైపు అడుగు పెట్టను.

లిమసోల్_తెలుగు
@తూర్పుగాలి నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా. మా ఆఫీసులో గ్రీకు సైప్రియట్లలో మీలాగే ద్వీపాన్ని ఉత్తరం, దక్షిణం అని చీల్చిన గీత దాటనివాళ్ళున్నారు. సొంత ఇంటికి వెళ్ళడానికి పాస్‌పోర్టు చూపించాలా అని వాళ్ళ బాధ. 2003 ఏప్రిల్‌లో ఆ గీత మీద గేట్లు తెరిచిన మొదటి వారంలోనే పరుగున వెళ్ళి పాత ఇల్లు చూసుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి బాధా నిజమే. కానీ కోటలోపల బతికేవాళ్ళు టర్కిష్ సైప్రియట్లు, తరతరాలుగా ఆ ద్వీపంవాళ్ళే. వాళ్ళ దగ్గర ఒక టీ తాగితే ఆక్రమణను సమర్థించినట్టు ఎలా అవుతుంది?

పాతపటం
@తూర్పుగాలి కథ 1974లో మొదలు కాలేదు. ఒట్టోమన్ తురుష్కులు గెలిచాక క్రైస్తవుల్ని కోటలో ఉండనివ్వలేదు. వాళ్ళు గోడల బయట దక్షిణాన తోటలు వేసుకుని స్థిరపడ్డారు, అదే వరోషా. అంటే ఊరు రెండుగా చీలి నాలుగొందల ఏళ్ళు దాటింది. 1878లో బ్రిటిష్‌వాళ్ళొచ్చాక వరోషా నారింజ తోటలతో, తర్వాత హోటళ్ళతో కళకళలాడింది, కోటలోపల పేదరికం. 1963 చివర్లో రెండు వర్గాల మధ్య కొట్లాటలు మొదలయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ళ టర్కిష్ సైప్రియట్లు ఇళ్ళు వదిలి కోటగోడల మధ్యకి చేరారు. 1974 ఆగస్టులో మళ్ళీ అదే గోడల సొరంగాల్లో దాక్కున్నారు. అదే నెల 14న ఫామగుస్తాకు దగ్గర్లోని మరాథా, సంతలారిస్, అలోడా ఊళ్ళలో 126 మంది టర్కిష్ సైప్రియట్లను గ్రీకు సైప్రియట్ సాయుధులు చంపి గోతుల్లో పూడ్చారు. ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ. అదీ చెప్పాలి కదా.

తూర్పుగాలి
చెప్పండి, వద్దనలేదు. ఆ హత్యలు చేసినవాళ్ళను నేను సమర్థించను. కానీ వరోషా నుంచి వెళ్ళిపోయిన 39,000 మంది ఆ పని చేయలేదు కదా. గ్రీసు సైనిక నియంతలు జూలై 15న సైప్రస్ ప్రభుత్వం మీద కుట్ర చేశారు, 20న టర్కీ దిగింది, అక్కడిదాకా ఏదో కారణం చెప్పుకోవచ్చు. ఆగస్టులో రెండోసారి ముందుకొచ్చి ఖాళీ ఊరిని పట్టుకుని యాభై ఏళ్ళు తాళం వేయడానికి కారణమేంటి? బేరానికి పెట్టుకున్నారు. 1984లో భద్రతామండలి 550వ తీర్మానంలో అక్కడ అసలు నివాసులు తప్ప ఎవరూ ఉండకూడదని, ఊరిని ఐక్యరాజ్యసమితికి అప్పగించాలని స్పష్టంగా చెప్పింది. ఎవరు విన్నారు?

లిమసోల్_తెలుగు
అందులో మీతో ఏకీభవిస్తాను. 2004లో ద్వీపాన్ని మళ్ళీ కలపడానికి ఐక్యరాజ్యసమితి తెచ్చిన అన్నన్ ప్రణాళిక ప్రకారం వరోషా వెనక్కి వచ్చేది. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం సరేనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, టర్కీ సైన్యం ఉండిపోతుందన్న భయం చిన్నది కాదు. కానీ వరోషావాళ్ళకు మాత్రం దగ్గరికొచ్చిన అవకాశం పోయింది.

నర్సాపురం_సుధ
మా పిన్ని చాలా ఏళ్ళు లార్నకాలో ఒక పెద్దావిడను చూసుకునే పని చేసింది. మా వైపునుంచి అలా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పెద్దావిడది వరోషా. రాత్రి నిద్ర పట్టకపోతే వాళ్ళ వీధిలో దుకాణాల పేర్లు వరసగా చెప్పుకునేదట. బట్టల కొట్టు, పక్కన ఫోటో స్టూడియో, ఆ పక్కన కేకులమ్మే ఆయన... వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి. మా పిన్నికీ ఆ వరస నోటికొచ్చేసింది.

2020 అక్టోబరులో వరోషాలో కొంత భాగం తెరిచాక వాళ్ళ కొడుకు ఆవిడను వీల్‌చైర్‌లో తీసుకెళ్ళాడు, మా పిన్ని కూడా వెళ్ళింది. తెరిచింది పెద్ద రోడ్లు, బీచి మాత్రమే. కొత్తగా తారు పోసి ఉంది, సైకిళ్ళు అద్దెకిస్తున్నారు. ఆవిడ ఇల్లు పక్క సందులో. సందు మొదట్లో తాడు కట్టి ఉంది, దాటితే ఒప్పుకోరు. తాడు ఇవతలనుంచి బాల్కనీ కనపడుతోంది, దాంట్లోంచి చెట్టు మొలిచి బయటికొచ్చింది. ఆవిడ ఏడవలేదట. "ఆ చెట్టేంటో చూడు" అని కొడుకునడిగిందట. అంజూర చెట్టని చెప్తే, "నేను వేయలేదు" అందట. పక్కనే ఎవరో సైకిల్ మీద వెళ్తూ సెల్ఫీ వీడియో తీసుకుంటున్నారని పిన్ని ఇప్పటికీ కోపంగా చెప్తుంది.

విజయ్ గారూ, మీ ఆవిడ మాటే నా మాట.

మిట్టమధ్యాహ్నం
సుధ గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది.

బాటసారి_విజయ్
మా ఆవిడకు చదివి వినిపించాను సుధ గారూ. తను కాసేపు మాట్లాడలేదు. మరి లోపలికి వెళ్ళకుండా ఉండటమే మంచిదంటారా?

కోటగోడ
నేను ఒప్పుకోను. వెళ్ళకపోతే మర్చిపోతారు. కెమెరా సంచిలో పెట్టి నడవండి, అంతే. స్కూళ్ళు, బ్యాంకులు, రోడ్డు మీదికి వాలిన బోర్డులు చూస్తే యుద్ధం మామూలు సంసారాన్ని ఏం చేస్తుందో ఏ పుస్తకమూ చెప్పనంతగా తెలుస్తుంది.

నర్సాపురం_సుధ
@కోటగోడ మీరు సంచిలో పెడతారు, మిగతావాళ్ళు పెట్టరు. ఆ సైకిళ్ళ అద్దె ఎవరికి పోతోంది? ఇంటివాళ్ళకు మాత్రం కాదు.

లిమసోల్_తెలుగు
ఇంటివాళ్ళ సంగతి కోర్టుదాకా వెళ్ళింది. వరోషాలో ఇల్లున్న ఒకావిడ వేసిన కేసులో 2005లో యూరప్ మానవ హక్కుల కోర్టు టర్కీ తప్పని తేల్చింది. ఆ తర్వాత ఉత్తరాన ఆస్తుల కమిషన్ పెట్టారు, పరిహారమో ఆస్తో అడుగుతూ అర్జీ పెట్టుకోవచ్చు. కానీ అటువైపు వక్ఫు సంస్థ వరోషా భూమంతా తమదేనంటోంది. అర్జీ పెడితే ఆ పాలనను ఒప్పుకున్నట్టవుతుందని చాలామంది వెనకాడతారు.

మధ్యేమార్గం చెప్తా. దక్షిణాన డెరీనియా ఊళ్ళో మేడ మీదినుంచి వరోషా కనపడుతుంది, ఫామగుస్తా కథ చెప్పే సాంస్కృతిక కేంద్రం ఉంది. అక్కడ ఆ కథ విని, తర్వాత లోపలికి వెళ్ళాలో వద్దో మీరే తేల్చుకోండి. ఫామగుస్తా మునిసిపాలిటీ ఇప్పటికీ దక్షిణాన ఉంది, ఊరు లేకపోయినా మేయర్‌ను ఎన్నుకుంటారు.

గోల్‌పోస్ట్
మేయరే కాదు, ఫుట్‌బాల్ జట్టు కూడా! అనోర్థోసిస్ ఫామగుస్తా. 1974 నుంచి సొంతూళ్ళో ఒక్క మ్యాచ్ ఆడలేదు, లార్నకాలో ఆడతారు. సైప్రస్ నుంచి చాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు చేరిన మొదటి జట్టు అదే, 2008లో. వాళ్ళ చిహ్నం ఫీనిక్స్ పక్షి.

విశ్రాంత_సుబేదార్
మనవాళ్ళ సంగతి కూడా ఒకటి రాయాలి. 1964లో అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతిదళం పెట్టినప్పుడు మొదటి సేనాని జనరల్ జ్ఞానీ. తర్వాత జనరల్ తిమ్మయ్య, 1965 డిసెంబరులో విధుల్లో ఉండగానే సైప్రస్‌లో కన్నుమూశారు. ఆయన పేరుమీద సైప్రస్ తపాలా బిళ్ళ వేసింది. 1974లో యుద్ధం నడిచినప్పుడు దళాన్ని నడిపింది జనరల్ ప్రేమ్‌చంద్. ముగ్గురూ భారతీయులే. ఆ దళం ఇంకా అక్కడే ఉంది.

తూర్పుగాలి
ఇది నాకు తెలియదు. మంచి మాట చెప్పారు సుబేదార్ గారూ.

బాటసారి_విజయ్
ఇక దారి, వీసా సంగతి చెప్పండి. అద్దె కారు గీత దాటిస్తారా?

లిమసోల్_తెలుగు
లార్నకాలోనే దిగండి. ఉత్తరాన ఎర్జాన్ విమానాశ్రయంలో దిగితే దక్షిణాన అది చట్టవిరుద్ధ ప్రవేశం కింద లెక్క. మీ వీసాతో గీత దాటి తిరిగి రావచ్చా అన్నది వీసా ఇచ్చేచోటే అడిగి తేల్చుకోండి, ఎవరో ఫోరంలో చెప్పారని నమ్మొద్దు, నేను చెప్పినా సరే. కారుకు దక్షిణాది బీమా అటువైపు చెల్లదు, గేటు దగ్గర వేరే కొనాలి. కొన్ని కంపెనీలు దాటనివ్వవు. డెరీనియా గేటు 2018 నవంబరులో తెరిచారు, అక్కడినుంచి కోట కొద్ది కిలోమీటర్లే, టాక్సీ సరిపోతుంది. అటువైపు టర్కిష్ లీరా, యూరోలు కూడా తీసుకుంటారు.

పాతపటం
పొద్దున్నే సలామిస్‌కు వెళ్ళిపోండి, ఎండ ముదరకముందు. ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డునే. రోమన్ల కాలం వ్యాయామశాల, పాలరాతి స్తంభాల వరస, తలలు లేని విగ్రహాలు, పెద్ద రంగస్థలం. అర్ధచంద్రాకారంలో కట్టిన సామూహిక మరుగుదొడ్డి కూడా ఉంది, పిల్లలుంటే అక్కడినుంచి కదలరు. ఏడో శతాబ్దంలో అరబ్బుల దాడులతో సలామిస్ ఖాళీ అయ్యాకే ఫామగుస్తా ఎదిగింది. సలామిస్ స్తంభాలు కొన్ని కోటలోపల వెనిస్ గవర్నరు భవనం ముందు నిలబెట్టి ఉన్నాయి, చూడండి. ఆ భవనం పక్కనే టర్కీ కవి నామిక్ కెమాల్‌ను 1873 నుంచి 1876 దాకా బంధించిన గది.

మధ్యాహ్నం కెథీడ్రల్. నమాజు వేళ కాకుండా వెళ్ళండి, చెప్పులు బయట. బయటినుంచి ఫ్రాన్స్‌లో ఉన్నామా అనిపించే గోథిక్ ముఖద్వారం, ఒక మూల మినార్. పై భాగాలు ముట్టడిలో ఫిరంగి దెబ్బలకు విరిగాయి. లోపల సున్నం కొట్టిన ఎత్తైన కమానులు, నేల మీద తివాచీ, కిబ్లా, అంటే మక్కా దిక్కు, వేరు కాబట్టి తివాచీ గీతలు గోడలకు ఏటవాలుగా ఉంటాయి. నాకు ఆ భవనం చర్చిగానూ నిజమే, మసీదుగానూ నిజమే అనిపించింది.

మిట్టమధ్యాహ్నం
ముందున్న చెట్టు మర్చిపోయారు! మన మేడిచెట్టు జాతే. కాయలు కొమ్మల చివర కాకుండా నేరుగా మాను మీద గుత్తులుగా కాస్తాయి, దగ్గరికెళ్ళి చూడండి. కెథీడ్రల్ కడుతున్న రోజుల్లో నాటారని చెబుతారు. అది నిజమైతే పట్టాభిషేకాలు, ముట్టడి అన్నీ దాని కళ్ళముందే జరిగాయి.

కోటగోడ
కోటలోపల ఇంకా ఎన్నో చర్చి శిథిలాలున్నాయి. ఏడాదికి రోజుకొకటి చొప్పున 365 ఉండేవని జానపదం. సెయింట్ జార్జి గ్రీకు చర్చి సగం గోడలు తప్పక చూడండి, ఫిరంగి గుండ్ల గుంతలు వేలు పెట్టి తడమొచ్చు. మూలల్లో పక్షుల రెట్టలు, పిచ్చిమొక్కలు. వరోషాకు కంచె ఉంది, వీటికి కాపలా కూడా లేదు. గుర్తింపులేని పాలన కావడంతో బయటి సంస్థల డబ్బు రావడం కష్టం. నా బాధంతా అది.

తూర్పుగాలి
విజయ్ గారూ, వెళ్ళండి. నేను మాత్రం డెరీనియా మేడ దగ్గరే ఆగుతాను.

రైలుపిచ్చి
ఎవరూ రైలు గురించి చెప్పలేదేం! బ్రిటిష్‌వాళ్ళు 1905లో ఫామగుస్తా రేవునుంచి నికోసియాకు రైలు వేశారు, 1951 చివరిరోజు మూసేశారు. మొదటి నంబరు ఇంజన్ పాత స్టేషన్ ముందు ఇంకా నిలబెట్టి ఉంది. గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, రెండడుగుల ఆరంగుళాలు. మన నౌపడా–గుణుపూర్ లైట్ రైల్వేది కూడా ఒకప్పుడు సరిగ్గా అదే గేజ్.

చింతచిగురు
నౌపడా బండి మా తాతగారు ఎక్కేవారు! బ్రాడ్‌గేజ్ అయ్యాక నేను ఒకసారి వెళ్ళాను, పాత స్టేషన్లు ఒకటిరెండు ఇంకా ఉన్నాయి.

రైలుపిచ్చి
ఫోటోలున్నాయా? దానికి వేరే థ్రెడ్ తెరుస్తున్నా, అక్కడ పెట్టండి.